లెక్కలోకి రాని కుర్చీ

ఒడిల్ మూడు బల్లగుడ్డల్లో రెండోదాన్ని ఇస్త్రీ చేస్తుండగా భర్త తియెరీ వంటింటి గుమ్మంలో ఆగి, "కిందికి పోయేవాటికి కూడా ఇస్త్రీ ఎందుకు? పైది ఒక్కటేగా కనపడేది," అన్నాడు. అని, ఫ్రిజ్ తలుపు తీసి, అందులోకి కాసేపు చూసి, ఏమీ తీసుకోకుండానే మూసేసి, టీవీ ముందుకు వెళ్ళిపోయాడు.

ఒడిల్ ఇస్త్రీ పెట్టె ముందుకి తోసింది. క్రిస్మస్ ముందు రాత్రి పెద్ద భోజనానికి బల్ల మీద మూడు తెల్లగుడ్డలు ఒకదాని మీద ఒకటి పరవడం ఆ ఇంటి ఆచారం. ఆ ఇంటిదే కాదు, దక్షిణ ఫ్రాన్సులోని ఆప్ట్ ఊళ్ళో పాత కుటుంబాలన్నిటిదీ. పైది ఆ రాత్రి భోజనానికి. మర్నాడు దాన్ని తీసేస్తే రెండోది పండగ విందుకి. ఆ సాయంత్రం మిగిలినవి తినడానికి అట్టడుగుది. తియెరీ పుట్టినప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాడు, మరకలు పడిన గుడ్డ తీయగానే కింద మల్లెపువ్వులాంటి గుడ్డ తయారుగా ఉండటం. అది అక్కడికి ఎలా వచ్చిందన్న అనుమానం మాత్రం యాభై ఏళ్ళ మనిషికి ఇంతవరకూ రాలేదు. అతని దృష్టిలో బల్లకి ఏటా కొత్త చర్మం దానంతటదే వస్తుంది కాబోలు. ఆ గుడ్డలు అత్తగారి అత్తగారి నాటివి. ముతక నార, తడి ఆరకముందే ఇస్త్రీ చేయకపోతే మాట వినవు, చేస్తే భుజాలు పడిపోతాయి. వాటిలో ఒక్క ముడత ఉన్నా అత్తగారు ఫెర్నాండ్ పై గుడ్డ అంచు రెండు వేళ్ళతో ఎత్తి, కింద గుడ్డ అంచు ఎత్తి, "ఊఁ" అంటుంది. అంతే, ఇంకేమీ అనదు. ఆ ఒక్క "ఊఁ" కొత్త సంవత్సరం దాకా ఒడిల్ చెవుల్లో ఉండిపోతుంది.

ఇస్త్రీ బల్లకి అటుపక్క లొరేనా కూర్చుని చాక్లెట్ పాలు తాగుతోంది. మూడు స్వెటర్లు, వాటి మీద ఒడిల్ శాలువా, కాళ్ళకి ఒడిల్ కొడుకు బాస్తియెన్ మేజోళ్ళు. బ్రెజిల్‌లోని గొయానియా నుంచి సెప్టెంబర్‌లో దిగిన పిల్ల. పదిహేడేళ్ళుంటాయి. ఇక్కడ స్కూల్లో ఒక ఏడాది చదువుతుంది, ఈ ఇంట్లో ఉంటుంది, ఫ్రెంచి నేర్చుకుంటుంది. కిందటి వసంతంలో తియెరీ తన క్లబ్బు మీటింగులో ఎవరూ ముందుకు రాకపోతే పెద్దమనసుతో చెయ్యెత్తి, ఇంటికొచ్చి, "మేం ఒక విదేశీ విద్యార్థిని తీసుకుంటున్నాం అని చెప్పేశాను," అన్నాడు. ఆ "మేం"లో తనెంతుందో ఒడిల్‌కి సెప్టెంబర్ మొదటి వారంలోనే తెలిసింది. పిల్ల పక్కగుడ్డలు ఒడిల్‌వి, పిల్ల దంతాల డాక్టరు ఒడిల్‌ది, పిల్ల ఇంటి మీద బెంగపడి ఏడిస్తే మంచం అంచున కూర్చునేది ఒడిల్. క్లబ్బులో ఫొటో మాత్రం తియెరీది.

పిల్ల చెడ్డది కాదు. చెడ్డదైతే కోపం తెచ్చుకోవడానికైనా వీలుండేది. నవ్వుతూ వస్తుంది, ముద్దు పెడుతుంది, థాంక్యూ చెప్తుంది, తాగిన కప్పు తాగిన చోటే వదిలేసి వెళ్ళిపోతుంది. ఒళ్ళు వెచ్చబడేదాకా వేడినీళ్ళ కింద నిలబడుతుంది, తర్వాత స్నానానికి వెళ్ళినవాళ్ళకి చన్నీళ్ళు. ఆ తర్వాత వెళ్ళేది ఎవరో చెప్పక్కర్లేదు. మొదటి నెలలో ఒకరోజు గిన్నెలు తోమమని చెప్తే, సబ్బు సీసా సగం ఒకే గిన్నెలో వంచి, నురగ చూసి మురిసిపోయింది. "నీకు ఇంట్లో ఎవరూ నేర్పలేదా?" అని అడిగితే కళ్ళు పెద్దవి చేసి, "ఏం నేర్పలేదా అని?" అంది. ఇంతకీ ఆ ప్రశ్నే ఎప్పుడూ తనని ఒకరు అడగాలని ఒడిల్‌కి ఉండేది. నీకు ఇవన్నీ చేయడం ఎవరు నేర్పారు, ఎందుకు నేర్చుకున్నావు అని. ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో కూడా ఇప్పుడు మర్చిపోయింది.

ఈ ఏడాది చిక్కంతా ఈ పిల్ల వల్లే వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కాఫీలు తాగుతూ ఫెర్నాండ్ వేళ్ళు ముడిచి లెక్క మొదలుపెట్టింది. తను, తన తమ్ముడు. పెద్దకొడుకు తియెరీ, ఒడిల్, మనవడు బాస్తియెన్. చిన్నకొడుకు పాట్రిస్, అతని భార్య కొరీన్, వాళ్ళ ముగ్గురు పిల్లలు. కూతురు, అల్లుడు. ఏటా ఇక్కడితో ఆగేది. ఈసారి ఇంకో వేలు మిగిలింది. ఫెర్నాండ్ ఆ వేలిని ముడవకుండా అలాగే పట్టుకుని, "పదమూడుమంది," అంది.

గదిలో నవ్వులు ఆగిపోయాయి. ఆ బల్ల మీద పదమూడు రకాల తీపి లేకపోతే అది పండగే కాదు, బల్ల చుట్టూ పదమూడుమంది మనుషులుంటే మాత్రం ఏడాది తిరక్కుండా ఒకరు పోతారు. ఈ రెండూ ఒకే నమ్మకంతో ఒకే నోటితో చెప్పగలదు ఫెర్నాండ్. మామగారు చనిపోవడానికి ముందు పండక్కి పదమూడుమంది కూర్చున్నారని ఆమె వాదన. మామగారికి ఎనభై మూడేళ్ళు, గుండెజబ్బు, రోజుకో పెట్టె సిగరెట్లు. అవేవీ లెక్కలోకి రావు.

"పద్నాలుగో మనిషిని పిలుద్దాం," అన్నాడు పాట్రిస్.

"ఆ రాత్రి ఇల్లు వదిలి ఎవడొస్తాడు? అందరికీ కుటుంబాలున్నాయి," అంది ఫెర్నాండ్.

కొరీన్ గొంతు తగ్గించింది. "ఆ అమ్మాయికి ముందే పెట్టేస్తే? పాపం ఆ ఉప్పు చేప ఎలాగూ తినలేదు. సినిమా ఏదైనా పెట్టిస్తే పైన హాయిగా చూసుకుంటుంది."

లొరేనా అక్కడే ఉంది. ఫ్రెంచి పూర్తిగా రాకపోయినా తన గురించి గొంతు తగ్గించి మాట్లాడితే ఏ భాషలోనైనా తెలుస్తుంది. పిల్ల కప్పులోకి చూస్తూ కూర్చుంది. ఒడిల్‌కి ఒళ్ళు మండిపోయింది. "పండగ రాత్రి పిల్లని పైన కూర్చోబెట్టడమేమిటి? పదివేల కిలోమీటర్ల నుంచి తీసుకొచ్చుకున్నది అందుకా?" అంది. ఆ ఇంట్లో ఆమె గొంతు అంతగా లేవడం అరుదు. అందరూ ఆమె వైపు చూశారు. అలా చూడటమే పొరపాటైంది. తియెరీకి అప్పుడు తట్టింది.

"అరె, ఇంత ఆలోచన దేనికి," అన్నాడు. లేచొచ్చి భార్య భుజం మీద చెయ్యి వేశాడు. "ఒడిల్‌ని తీసెయ్యండి. తనెలాగూ కూర్చోదు. వంటింటికీ బల్లకీ మధ్య తిరుగుతూనే ఉంటుంది. తనకి అలా ఉంటేనే ఇష్టం. కూర్చునేవాళ్ళు పన్నెండుమందే."

ఫెర్నాండ్ తల పంకించి ముడవని వేలిని ముడిచింది. పాట్రిస్ నవ్వాడు. కొరీన్ "హమ్మయ్య" అంది. ఆడపడుచు ఇంకో కప్పు కాఫీ అడిగింది. ఒడిల్ కాఫీ తేవడానికి లేచింది, లేస్తూ లేస్తూ తను లేవడం చూసి తియెరీ "చూశారా" అన్నట్టు అందరి వైపూ కళ్ళెగరేయడం కూడా చూసింది.

అప్పట్నుంచీ ఆ మాట ఆమెతోనే తిరుగుతోంది. తను పనిచేసే మందుల షాపులో దగ్గుమందు సీసాల వెనక, కారులో, మంచం మీద. కోపం తెచ్చుకుందామంటే ఏ మాట పట్టుకోవాలో దొరకదు. అబద్ధం కాదుగా. నిజంగానే ఎప్పుడూ కూర్చోలేదు. బల్ల చివర, వంటింటి తలుపు పక్కన, గడ్డి అల్లిన పాత కుర్చీ ఒకటి ఆమెది. దాని అంచున ఒక పక్కగా కూర్చుని, రెండు ముద్దలు తిని, "ఒడిల్, ఉప్పు" అంటే లేచి, మళ్ళీ కూర్చుని, "ఒడిల్, రొట్టె" అంటే లేచి. ఆ రాత్రి వంటల్లో ఆమెకి ప్రాణమైనది ఒకటుంది. కార్దు అనే ముళ్ళమొక్క కాడల్ని ఉడకబెట్టి, ఉప్పు చేపల గుజ్జు కలిపిన తెల్ల సాసులో వేసి, పైన ఎర్రగా పొంగేదాకా ఓవెన్‌లో పెట్టేది. చిన్నప్పుడు వాళ్ళమ్మ వండితే నాలుక కాల్చుకుని తినేది. ఈ ఇంటికొచ్చాక దాన్ని వేడిగా తిన్న జ్ఞాపకం ఒక్కటి లేదు. తన కంచంలో పడేసరికి పైన నూనె గడ్డకట్టి, కాడలు మెత్తగా చల్లారిపోయి ఉంటాయి. ఇంత చిన్న విషయానికి ఏడుపొస్తోందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఒడిల్‌కే నవ్వొచ్చింది. అయినా ఏడుపు ఆగలేదు, ఇస్త్రీ చేసిన గుడ్డ మీద రెండు చుక్కలు పడ్డాయి, మళ్ళీ ఇస్త్రీ పెట్టె వాటి మీదికి పోనిచ్చింది.

"ఒడిల్, మీరు ఏడుస్తున్నారా?" అంది లొరేనా.

"ఆవిరి," అంది ఒడిల్.

పండగ ముందురోజు ఉదయం డ్యూటీ ఆమెకే పడింది. మందుల షాపు యజమాని డ్యూటీల కాగితం గోడకి అంటిస్తూ, "మీకు చిన్నపిల్లలు లేరు కదా ఒడిల్, మిగతావాళ్ళకి పాపం ఇంట్లో పనులుంటాయి," అన్నాడు. ఆమెకి ఇంట్లో ఏముంటుందనుకుంటున్నాడో. మధ్యాహ్నం దాకా జలుబు మందులూ, అరుగుదల మాత్రలూ అమ్మింది. అరుగుదల మాత్రలు ఎక్కువగా మగవాళ్ళే కొన్నారు. ముందుజాగ్రత్తట. ఇంటికొచ్చేసరికి సింక్ పక్కన ఉదయం కాఫీ కప్పులు అలాగే ఉన్నాయి. చదువు సెలవులకి అవిన్యోన్ నుంచి వచ్చిన బాస్తియెన్ తన రెండు సంచుల మాసిన బట్టలూ వాషింగ్ మెషీన్ ముందు పెట్టి పడుకున్నాడు. ముందు పెట్టడం వాడి ఉద్దేశంలో సాయం. తియెరీ మాత్రం ఉదయమంతా కష్టపడ్డాడు. పొయ్యిలో వెలిగించాల్సిన పండ్లచెట్టు దుంగ ఎంచి తెచ్చాడు. ఆ దుంగ సంగతి ఫోన్లో ముగ్గురికి చెప్పాడు కూడా.

కార్దు కాడలు ఒలవడం మొదలుపెట్టేసరికి లొరేనా వచ్చి ఎదురుగా కూర్చుంది. "నేను కూడా చేయనా?"

"చెయ్యి."

పిల్ల కత్తిని అట్టు తిప్పే గరిటెలా పట్టుకుంది. ఒడిల్ ఆ వేళ్ళని తీసి సరిగ్గా పెట్టింది. కాడ చివర చిన్న గాటు పెట్టి నార కిందికి లాగాలి, ఒక్క పోగు మిగిలినా తినేటప్పుడు పళ్ళ సందున ఇరుక్కుంటుంది. రసం అంటి వేళ్ళు నల్లబడిపోతాయి, వారం దాకా పోదు. లొరేనా ఒక కాడ ఒలిచి తన వేళ్ళు చూసుకుని, ముఖం చిట్లించి, మళ్ళీ రెండోది తీసుకుంది. అందుకు ఒడిల్ కొంచెం ఆశ్చర్యపడింది.

"రాత్రి మీరెక్కడ కూర్చుంటారు?" అంది పిల్ల.

"నేను కూర్చోను. నువ్వూ విన్నావుగా ఆదివారం."

"విన్నాను. సరిగ్గా అర్థమైందో లేదోనని అడిగాను." లొరేనా నార లాగుతూ ఆలోచించింది. తర్వాత ఓదార్పుగా అంది, "మా ఇంట్లో దల్వా కూడా కూర్చోదులెండి. మేమంతా తిన్నాక వంటింట్లో తింటుంది. తనకి అలా ఉంటేనే ఇష్టం."

ఒడిల్ చేతిలో కత్తి ఆగింది. "దల్వా ఎవరు? మీ పిన్నా?"

"కాదు, మా పనావిడ."

లొరేనా ఇంకో కాడకి గాటు పెట్టింది. తనన్న మాట మెల్లగా ఆ పిల్లకే అర్థమై, చెవులదాకా ఎర్రబడింది. "అంటే, మీరు పనావిడని కాదు నా ఉద్దేశం. మీరు వేరు. దల్వాకి మేం జీతం ఇస్తాం."

దిద్దబోయి ఇంకా పాడుచేసింది. ఒడిల్‌కి ఒక్కసారిగా నవ్వొచ్చింది. నల్లబడిన చేతులు బల్ల మీద ఆనించి, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. పిల్ల హడలిపోయి క్షమాపణలు చెప్తుంటే, "వద్దు, వద్దు, ఈ నెలంతా ఈ ఇంట్లో ఎవరూ ఇంత సరిగ్గా మాట్లాడలేదు," అంది.

నవ్వు తగ్గాక మాత్రం దల్వా పోలేదు. ఒడిల్ ఎన్నడూ చూడని ఆ ఆడమనిషి వంటింటి గోడకి ఆనుకుని నిలబడింది. తనకి అలా ఉంటేనే ఇష్టం. తియెరీ అన్న మాటా అదే, అక్షరం తేడా లేదు. మహాసముద్రానికి ఇవతలా అదే, అవతలా అదే. ఎవరు అడిగారు దల్వాని? ఏనాడైనా ఒక కుర్చీ లాగి, కూర్చుంటావా, నిలబడతావా, నీకేది ఇష్టం అని అడిగితే, ఆమె ఆలోచించుకుని, నాకు చల్లారిన అన్నం సింక్ దగ్గర నిలబడి తినడమంటే భలే ఇష్టం అందా? తనని అడిగారా? తనైనా తనని అడుక్కుందా? పెళ్ళైన మొదటి క్రిస్మస్‌కి ఎవరూ లేవకపోతే తను లేచింది. చిన్నకోడలు కాఫీ కలపదు, ఆడపడుచు పుట్టింటికొచ్చిన మనిషి, అత్తగారు పెద్దావిడ. ఒకసారి లేచినందుకు ఇక అది ఆమె స్వభావమైపోయింది. ఎత్తు, లావు, కళ్ళ రంగులాగా. పైగా దల్వాకి నెల తిరిగేసరికి జీతం వస్తుంది, ఆదివారం సెలవు కూడా ఉండే ఉంటుంది.

"దల్వాకి పిల్లలున్నారా?" అంది ఒడిల్.

లొరేనా నార లాగడం ఆపింది. "తెలీదు," అంది. చేతిలో కాడ తిప్పుతూ, "నేనెప్పుడూ అడగలేదు," అంది. ఆ తర్వాత మిగిలిన కాడలన్నీ తనే ఒలిచింది.

సాయంత్రం ఐదింటికి ఫెర్నాండ్ దిగింది. కోటు విప్పి ఎవరి చేతిలో పెట్టాలో చూడకుండానే గాలిలోకి చాపింది, ఒడిల్ అందుకుంది. మూడు గుడ్డల అంచులూ ఎత్తి చూసింది. "ఊఁ" అనలేదు. కిటికీలో పెట్టిన గోధుమ మొలకల పళ్ళాల్ని పరీక్షించి, బాగా పెరిగాయి, ఏడాది బాగుంటుంది అంది. ఆ తర్వాత లొరేనాని పక్కన పెట్టుకుని బల్ల సర్దించడం మొదలుపెట్టింది. ఒడిల్ వంటింట్లోంచి వింటూనే ఉంది.

"ఇక్కడ నేను. నా కుడిపక్క తమ్ముడు. ఇదిగో, ఈ చివర ఒక కంచం పెట్టు. అది కాదు, బంగారు అంచుది. మంచి గ్లాసు. మంచి చెంచా."

"ఇది ఎవరికి?"

"పేదవాడికి. ఈ రాత్రి దారినపోయేవాళ్ళెవరైనా తలుపు తట్టవచ్చు. వాళ్ళకి ఒక చోటుండాలి. మా ఇంట్లో ఎప్పుడూ ఉంది, యుద్ధమప్పుడు కూడా ఉంది."

"ఎవరైనా వస్తే ఏం చేస్తారు?"

"ఏముంది, కూర్చోబెడతాం. ఎవరు, ఎక్కడ్నుంచి అని అడక్కూడదు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళని లెమ్మనకూడదు. ముందు వాళ్ళకి పెట్టాకే మనం తినాలి. మా అత్తగారు చెప్పింది, ఆమెకి ఆమె అత్తగారు చెప్పింది. ఇందులో మార్పు లేదు."

"ఎప్పుడైనా వచ్చారా?"

"రాలేదు," అంది ఫెర్నాండ్ తేలిగ్గా. "వచ్చినా రాకపోయినా పెట్టాలి."

లొరేనా కుర్చీలు లెక్కపెట్టుకుంది. "కానీ దీంతో కలిపి పదమూడు అవుతాయి కదండీ?"

"ఆ కుర్చీని లెక్కపెట్టరమ్మా. అది లెక్కలోకి రాదు."

వంటింట్లో ఒడిల్ ఉప్పు చేప నీళ్ళు వంపుతూ ఆ మాట విని, ఎందుకో అలాగే నిలబడిపోయింది. రెండు రోజులుగా నీళ్ళు మారుస్తున్న చేప. ఆ తర్వాత రొట్టెల బుట్ట తీసుకుని భోజనాల గదిలోకి వచ్చింది. వంటింటి తలుపు పక్కన గడ్డి అల్లిన కుర్చీ లేదు. నేల మీద దాని కాళ్ళు ఆనిన నాలుగు గీతలు మాత్రం ఉన్నాయి.

"నా కుర్చీ ఏది?" అంది.

"గ్యారేజీలో పెట్టానమ్మా," అన్నాడు బాస్తియెన్ ఫోన్ లోంచి తలెత్తకుండా. "నువ్వు కూర్చోవడం లేదుగా. దారికి అడ్డంగా ఉందని నానమ్మ తీసెయ్యమంది."

వాడిలో కాస్తయినా దురుద్దేశం లేదు. అదే ఆమెకి భరించరానిదిగా అనిపించింది. తను కని, పాలిచ్చి, అక్షరాలు నేర్పి, మందలించి పెంచిన కొడుకు, తల్లి కుర్చీని గొడుగుల పక్కన పెట్టొచ్చాడు, అందరికీ ఉపకారమైంది. ఆ బల్ల చివర బంగారు అంచు కంచం, మంచి గ్లాసు, ఎన్నడూ రాని మనిషి కోసం మెరుస్తున్నాయి. రాని మనిషికి కూడా ఆ ఇంట్లో చోటుంది. ఒడిల్ రొట్టెల బుట్ట పెట్టేసి వంటింట్లోకి వెళ్ళింది.

ఎనిమిది కాకముందే అందరూ వచ్చేశారు. తియెరీ మేనమామ అయిన ఫెర్నాండ్ ముసలి తమ్ముడు, పాట్రిస్ చిన్నకొడుకు కలిసి దుంగని పట్టుకుని బల్ల చుట్టూ మూడుసార్లు తిరిగి పొయ్యిలో పెట్టారు. మేనమామ దాని మీద కాచిన ద్రాక్షసారా పోసి, వచ్చే ఏడాదికి మనం పెరగకపోయినా తరగకుండా ఉండాలని పాతమాటలు చెప్పాడు. మూడు కొవ్వొత్తులు వెలిగాయి. అందరూ కూర్చున్నారు. ఫెర్నాండ్ చూపుతోనే తలలు లెక్కపెట్టి తృప్తిపడింది.

సూపు వెళ్ళింది. నత్తలు వెళ్ళాయి. ఉప్పు చేప వెళ్ళింది, ఉడకబెట్టిన కూరలు, వెల్లుల్లి సాసు. ఒక్కో పళ్ళెం బల్ల దాకా తీసుకెళ్ళడం, ఖాళీది తీసుకురావడం. సింక్ దగ్గర నిలబడి ఒడిల్ ఒక చేప ముక్క చేత్తో నోట్లో వేసుకుంది. చల్లగా ఉంది. ఉప్పు బాగా పోయింది, అంతవరకు సంతోషం. గోడ అవతల నవ్వులు వినపడుతున్నాయి. తియెరీ పెద్దగొంతుతో, "మేం ఈ విద్యార్థిని తీసుకున్నప్పట్నుంచీ ఇల్లు ఎంత సందడిగా ఉందో," అంటున్నాడు. ఆమె ఓవెన్ అద్దంలోంచి కార్దు కాడల వైపు చూసింది. సాసు అంచుల్లో బుడగలొస్తున్నాయి, ఇంకా పైన ఎర్రబడలేదు. ఇంకో ఐదు నిమిషాలు. ఐదు నిమిషాల తర్వాత తను దాన్ని తీసి, పన్నెండుమందికి వడ్డించి, రెండోసారి అడిగినవాళ్ళకి రెండోసారి వడ్డించి, అడుగున మిగిలింది రేపు చల్లగా తింటుంది. వచ్చే ఏడాదీ అంతే. ఆ తర్వాత ఏదో ఒక ఏడాది అత్తగారు ఉండదు, అప్పుడు పెద్దదాన్నని తనని కూర్చోబెడతారు, బాస్తియెన్ భార్య ఎవరో ఈ సింక్ దగ్గర నిలబడుతుంది, తను గుడ్డల అంచులెత్తి "ఊఁ" అంటుంది. ఆ ఆలోచనకి ఆమెకి నిజంగా భయం వేసింది.

"ఒడిల్, రొట్టె," అని వినపడింది.

ఆమె చేతులు కడుక్కుంది. కార్దు రసం నలుపు పోలేదు. ఏప్రన్ విప్పి తలుపు కొక్కేనికి తగిలించింది. కొత్త రొట్టె కోసి పళ్ళెంలో పెట్టి, భోజనాల గదిలోకి తీసుకెళ్ళి, బల్ల మధ్యలో పెట్టింది. పెట్టి వెనక్కి తిరగలేదు. బల్ల చివరికి నడిచి, ఆ కుర్చీ లాగి, అంచున కాదు, వెనక్కి ఆనుకుని కూర్చుంది.

మొదట లొరేనా ఒక్కతే చూసింది. పిల్ల చేతిలో చెంచా గాల్లో ఆగిపోయింది. తర్వాత ఒక్కొక్కరుగా మాటలు మానేశారు. ఒడిల్ మడత పెట్టిన రుమాలు తీసి, విప్పి, ఒళ్ళో పరుచుకుంది. దానిక్కూడా తనే ఇస్త్రీ చేసింది.

"ఏమైంది? ఒంట్లో బాగాలేదా?" అన్నాడు తియెరీ.

"బాగానే ఉంది."

"అది పేదవాడి చోటు, ఒడిల్," అంది కొరీన్ నవ్వబోయి.

"తెలుసు."

ఫెర్నాండ్ ముఖం పాలిపోయింది. చూపు గబగబా తలల మీదుగా వెళ్ళి, బల్ల చివర ఆగింది. "పదమూడు," అంది. "అమ్మాయ్, లే. పదమూడైంది."

"కాలేదు అత్తయ్యా. ఈ కుర్చీని లెక్కపెట్టరని మీరే చెప్పారు." ఒడిల్ గొంతులో వణుకు లేదు, అది ఆమెకే వింతగా ఉంది. "ఇందులో కూర్చున్నవాళ్ళని లెమ్మనకూడదని కూడా చెప్పారు. ఎవరని అడక్కూడదని, ముందు వాళ్ళకే పెట్టాలని. నాకు చాలా ఆకలిగా ఉంది."

పొయ్యిలో దుంగ చిటపటమంది. వంటింట్లో ఓవెన్ గంట మోగింది. పన్నెండుమందీ అలవాటుకొద్దీ ఒడిల్ వైపు తిరిగారు. ఒడిల్ కదల్లేదు. లొరేనా కుర్చీ వెనక్కి జరిపి లేవబోయింది.

"నువ్వు కూర్చో," అంది ఒడిల్. పిల్ల కూర్చుంది.

కాలిన సాసు వాసన తలుపు సందుల్లోంచి రావడం మొదలైంది. పాట్రిస్ ముక్కు ఎగబీల్చాడు. ఫెర్నాండ్ కోడలి వైపు చూసింది. నల్లబడిన ఆ వేళ్ళ వైపు చూసింది. తెల్ల గుడ్డ మీద ఆనించి ఉన్నాయవి. ముసలావిడ తన చేతులు తనే చూసుకుంది, చాలా ఏళ్ళయింది ఆ చేతులకి నలుపంటి. ఆమె మనసులో ఏం నడిచిందో ఒడిల్‌కి తెలియదు. అత్తగారికి తన మీద జాలి కలిగిందనుకునేంత అమాయకురాలు కాదు. కానీ ఆచారమంటే ఆ మనిషికి ప్రాణం, ఆ ఆచారం ఇప్పుడు బల్ల చివర కంచం ముందు కూర్చుని ఉంది.

"తియెరీ," అంది ఫెర్నాండ్.

"ఏంటమ్మా?"

"వినపడలేదా గంట? వచ్చిన మనిషికి ముందు పెట్టాలి. లే."

తియెరీ తల్లి వైపు చూశాడు, తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు తన గ్లాసులోకి చూసుకున్నాడు. లేచాడు. వంటింట్లోకి వెళ్ళాడు. సొరుగులు తీస్తున్న చప్పుడు, మూస్తున్న చప్పుడు, ఏదో గిన్నె కింద పడిన చప్పుడు వినపడ్డాయి. కాసేపటికి అతని తల తలుపులోంచి బయటికొచ్చింది.

"ఒడిల్, వేడి గిన్నె పట్టుకునే గ్లౌజులు ఎక్కడున్నాయి?"

ఒడిల్ బంగారు అంచు కంచాన్ని కొంచెం దగ్గరికి జరుపుకుంది.

"నాకేం తెలుసు?" అంది. "నేనిప్పుడే వచ్చాను."